ఈ లెక్క ఎవరికి కావాలి?

(వేసవి సెలవుల్లో జరిగిన మండల స్థాయి ఉపాధ్యాయుల శిక్షణలో, అనంతపురం ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనం అయ్యాక నాకు మైకు ఇచ్చారు కాబట్టి ముందే ఒక మాట. నిద్రొస్తే పడుకోండి, నేనేమీ అనుకోను. పొద్దున ఆ వెనక బెంచీలో నేను కూడా రెండుసార్లు కునుకు తీశాను. (నవ్వులు)

నాకిచ్చిన అంశం ‘ప్రాజెక్టు ఆధారిత అభ్యసనం’. పేరు బరువుగా ఉంది గానీ, మనలో మనం మాట్లాడుకుందాం. మన బళ్లలో ప్రాజెక్టు అంటే ఏమిటి? ఫార్మేటివ్ మార్కులు, అంటే ఏడాది మధ్యమధ్యలో బడిలోనే వేసే మార్కులు, ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సిన తేదీ దగ్గర పడుతుంది. ఇంకా నాలుగు రోజులుందనగా ‘రేపటికి ప్రాజెక్టు రాసుకుని రండి’ అంటాం. పిల్లలు నేరుగా బస్టాండు దగ్గర జిరాక్స్ షాపుకు పోతారు. ఈ విషయంలో ఆ షాపాయన మనకంటే సీనియర్. ఏ తరగతి, ఏ పాఠం అని చెబితే చాలు, తీసి ఇస్తాడు. పేజీకి రెండు రూపాయలు.

ఓ ఏడాది ఎనిమిదో తరగతికి ‘మా ఊరి నీటి వనరులు’ అని ఇచ్చాను. 38 మంది పిల్లలు, 38 పుస్తకాలు. అన్నిట్లోనూ ‘భూగర్భ జలం’ అని ఉండాల్సిన చోట ‘భూగర్బ జలం’. ఒత్తు పోయింది. 38 మందికీ ఒకే చోట పోయింది. అంతకంటే విచిత్రం, అందరి ఊళ్లోనూ ఒక జీవనది పారుతోంది. మా ఊరికి నది లేదు. చెరువుంది. నేను ఆ బడికి వచ్చాక దాంట్లో నీళ్లు చూసింది రెండుసార్లు. (నవ్వులు)

ఇందులో పిల్లల్ని అనడానికేమీ లేదు. ఆ పుస్తకం చదివే మనిషి లోకంలో ఒక్కడే, అది నేను. ఆ ఒక్కడూ మార్కులు వేసేశాకే చదివాడు. ఎవరూ చదవని దానికోసం పదమూడేళ్ల పిల్లవాడు ఎందుకు ఎండలో తిరిగి బావులు లెక్కపెట్టాలి? వాడికి ఆ తెలివి ఉంది, నాకే లేకపోయింది.

చరిత్ర రెండే ముక్కలు చెబుతాను. ప్రాజెక్టు పద్ధతి అనే మాటను బాగా ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికాలో విలియం కిల్‌పాట్రిక్, 1918లో. మనం బి.ఎడ్.లో ఒక మార్కు ప్రశ్నకు బట్టీ పట్టిన పేరే. మన దేశంలో గాంధీగారు 1937లో వార్ధా మహాసభలో నయీ తాలీం ప్రతిపాదన పెట్టారు. చేతిపని మధ్యలో ఉండి, దాని చుట్టూ చదువు ఉండాలన్నారు. పిల్లలు చేసిన వస్తువులతో బడి ఖర్చు వెళ్లాలన్న మాట మీద అప్పట్లోనే పెద్ద వాదన జరిగింది. ఆ ఖర్చు సంగతితో నాకూ పేచీ ఉంది. కానీ ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. వడికిన నూలు తెగితే మాస్టారు వచ్చి తప్పు అని చెప్పక్కర్లేదు, చేతికే తెలుస్తుంది. ఆ తరవాత 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 పల్లెటూరి బళ్లతో ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది. పిల్లలే ప్రయోగాలు చేసేవాళ్లు, పరీక్షకు పుస్తకం తెచ్చుకోనిచ్చేవాళ్లు. జిల్లా అంతా పాకి, ముప్ఫై ఏళ్లు నడిచి, 2002లో ఆగిపోయింది. అంటే మనకిది 2020 జాతీయ విద్యా విధానంతో ఊడిపడిన సంగతి కాదు. మన పెద్దలు చేసి, చూసి, కొన్నిచోట్ల దెబ్బతిని వదిలేసిన పనే.

నేనూ దెబ్బ తిన్నాను. ఆ 38 పుస్తకాల సిగ్గుతో మరుసటేడు ‘నిజ జీవిత సమస్య’ తీసుకుందామనుకున్నాను. అప్పుడు వేరే ఊళ్లో పనిచేస్తున్నాను. బడి గోడ పక్కనే మురిక్కాలువ. పిల్లలు కొలిచారు, బొమ్మ గీశారు, ఎంత పొడుగు పైపు కావాలో లెక్క కట్టారు. చక్కగా అర్జీ రాసి ఇచ్చి వచ్చారు. తీసుకున్న పెద్దమనిషి ఫొటో దిగాడు, పేపర్లో వచ్చింది. అంతే. కాలువ అట్లాగే ఉంది. డిసెంబరులో ఒకమ్మాయి అడిగింది, ‘సార్, మనం లెక్క తప్పు చేసినామా?’ అని.

నాకు నోట మాట రాలేదు. లెక్క తప్పు కాదు. ఆ ప్రాజెక్టు ముగింపు వాళ్ల చేతిలో లేదు, ఇంకెవరి సంతకంలోనో ఉంది. సంతకం పడలేదు కాబట్టి ఆ పాప తన లెక్కనే అనుమానించింది. ‘పిల్లలు సమాజాన్ని మారుస్తారు’ లాంటి మాటలు శిక్షణల్లో వింటుంటాం. పెద్దవాళ్లం చేయలేనిది పిల్లల నెత్తిన పెట్టి, అది కాకపోతే ‘పోనీలే, అనుభవం’ అనడం నాకిప్పుడు అన్యాయంగా తోస్తుంది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఎవరి పర్మిషన్ లేకుండా పిల్లలు తమంతట తాము ముగించగలిగిన పనే చేయిస్తాను. తరవాత దాన్ని ఎవరైనా వాడుకుంటే సంతోషం.

సరే, అసలు కథకు వస్తాను. ఇప్పుడున్న బడికి వచ్చాక, ఒక జూలైలో టీ అంగడి దగ్గర నిలబడి ఉన్నాను. మా తొమ్మిదో తరగతి పిల్లవాడి నాయన, శెనక్కాయ రైతు, పేపరు చదువుతూ విసిరికొట్టినంత పని చేశాడు. ‘మండలంలో 30 మిల్లీమీటర్లు పడిందంట సార్. యాడ పడింది? మా చేన్లో దుమ్ము కూడా అణగలేదు’ అన్నాడు. పక్కనున్నాయన, ‘మా పక్క గట్టిగానే కొట్టింది, పదునైంది’ అన్నాడు. పదునంటే నేల విత్తడానికి సరిపడా తడవడం. వీళ్లిద్దరి ఊళ్ల మధ్య నాలుగు కిలోమీటర్లు.

ఇక్కడ అందరికీ తెలిసిందే అయినా ఒక మాట. మన ప్రాంతానికి ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఎర్రనేల, నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచదు. విత్తనం వేసే వాన ఏ రోజు, ఏ చేన్లో పడిందన్నదాని మీదే ఇంటి లెక్క అంతా ఉంటుంది. వాతావరణం ఆధారంగా ఇచ్చే పంట బీమాలో ఆ ప్రాంతపు కేంద్రంలో నమోదైన వానను చూస్తారు. అందుకే ‘మా ఊరి వాన, మండలం వాన ఒకటేనా’ అన్న ప్రశ్న రైతుకు కడుపుకు సంబంధించింది. జవాబు నాకు తెలియదు. గూగుల్‌లో లేదు. జిరాక్స్ షాపులో అసలే లేదు. (నవ్వులు)

ఆ టీ గ్లాసు కింద పెట్టేలోపే నాకు ప్రాజెక్టు దొరికింది. మా బడికి అయిదు ఊళ్ల పిల్లలు వస్తారు. అయిదు ఊళ్లలోనూ వాన కొలిస్తే సరి.

వర్షమాపకం కొనడానికి డబ్బుల్లేవు, అక్కర్లేదు కూడా. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ పై భాగం కోసి, మూత తీసి తలకిందులుగా అదే బాటిల్‌లో పెడితే గరాటు అవుతుంది. బాటిల్ గోడకు స్కేలు. అయిపోయింది అనుకున్నాను. కానీ నాలుగు వారాలు పట్టింది. ఆ నాలుగు వారాల్లో జరిగిన చదువు నేను ఏ టీఎల్ఎంతోనూ, అంటే ఏ బోధనోపకరణంతోనూ చెప్పలేదు.

మొదట బాటిల్ అడుగు. మీరెప్పుడైనా గమనించారా, ఆ బాటిళ్లకు అడుగున అయిదు కాళ్లు ఉంటాయి, లోపల ఎగుడుదిగుడు. అక్కడ నీటి ఎత్తు కొలిస్తే తప్పు వస్తుంది. పిల్లలే ఉపాయం కనిపెట్టారు. గులకరాళ్లు వేసి, గోడ నిటారుగా మొదలయ్యే దాకా నీళ్లు పోసి, అక్కడ గీత పెట్టి, అదే సున్నా అన్నారు. ‘ముందే నీళ్లు పోస్తే వాన కొలత తప్పదా’ అని ఒకడు, ‘సున్నా అంటే ఏమీ లేకపోవడం కాదు, మనం మొదలుపెట్టే చోటు’ అని ఇంకొకడు. పూర్ణాంకాల పాఠంలో నేను పదేళ్లుగా చెప్పాలని చూస్తున్న వాక్యం అది.

తరవాత స్కేలు. జామెట్రీ బాక్సులో స్కేలు తీసి చూడండి. సున్నా గీత సరిగ్గా అంచున ఉండదు, కొంచెం లోపలికి ఉంటుంది. ఒక ఊరి పిల్లలు స్కేలు అంచును గీత దగ్గర పెట్టి టేపు అంటించారు. ఇంకో ఊరివాళ్లు స్కేలు సున్నాను గీతకు కలిపారు. ఒకే బాటిళ్లు, ఒకే వాన, కానీ దాదాపు అయిదు మిల్లీమీటర్ల తేడా. అయిదే కదా అనుకుంటాం. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు పడితే ఆ రోజు వాన రోజు. అంటే స్కేలు అంటించే తేడాతో ఒక వాన రోజు ఎండ రోజు అయిపోగలదు. ఇది తెలిసిన రోజు పిల్లల మొహాలు చూడాల్సింది. ‘అంటే సార్, మనమే వానను మాయం చేసినాం!’

అన్నిటికంటే పెద్ద తగాదా ఇంకొకటి. ఒక ఊళ్లో రెండు లీటర్ల బాటిల్ దొరకలేదు, అర లీటరు నీళ్ల బాటిల్ పెట్టారు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. ‘పెద్ద మూతిలో ఎక్కువ నీళ్లు పడతాయి, చిన్నదాంట్లో తక్కువ, వాళ్ల ఊరికి అన్యాయం’ అని. మీకు జవాబు తెలుసు. చెప్పాలని నాలుక దురద పెట్టింది. చెప్పలేదు. ‘రెండూ పక్కపక్కన పెట్టి చూడండి’ అన్నాను. మన కరువు సీమలో ఇదొక కష్టం, ప్రయోగం చేయాలంటే వాన రావాలి. (నవ్వులు) పదకొండు రోజులు ఎదురుచూశాం. పన్నెండో రోజు రాత్రి పడింది. పొద్దున్నే పరిగెత్తారు. పెద్దదాంట్లో 14, చిన్నదాంట్లో 13కు కొంచెం పైన. నీళ్లు గ్లాసుల్లో వంపి చూస్తే పెద్దదాంట్లో రెండింతల కంటే ఎక్కువ. ఎత్తు మాత్రం దాదాపు ఒకటే.

‘నీళ్లు ఎక్కువ, ఎత్తు ఒకటే. ఎట్ల?’ అని వాళ్లు గొడవ పడుతున్న ఆ అరగంటలో ఘనపరిమాణం అంటే భూవైశాల్యం ఇంటూ ఎత్తు అన్నది బోర్డు మీద నుంచి కిందికి దిగింది. ఒకడు ఇంట్లో బకెట్ తెచ్చాడు. బకెట్‌లో ఎక్కువ చూపించింది. ఎందుకు? మూతి వెడల్పు, అడుగు ఇరుకు, గోడలు వాలు. పదో తరగతి క్షేత్రమితి అంతా ఆ బకెట్‌లో ఉంది. ఆ పిల్లవాడికి పదో తరగతికి ఇంకా రెండేళ్లుంది.

ఇక్కడే ఇంకో లెక్క చెప్పాలి, మీ క్లాసులో వాడుకోండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్లు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరం చేను మీద ఒక మిల్లీమీటరు పడితే నాలుగు వేల లీటర్లు, దాదాపు ఒక ట్రాక్టర్ ట్యాంకర్. ఈ లెక్క వచ్చిన రోజు ఒకమ్మాయి ఇంటికి పోయి వాళ్ల నాయనకు చెప్పింది, ‘నిన్న మన మూడెకరాల్లో 42 ట్యాంకర్లు తోలినాడు దేవుడు’ అని. 14 మిల్లీమీటర్లు కదా. మిల్లీమీటరు అంటే తెలియని మనిషికి ట్యాంకర్ తెలుసు, దాని రేటు కూడా తెలుసు. మర్నాడు ఆయన బడికి వచ్చాడు. పిల్లల బాటిల్ చూస్తానని ఒక తండ్రి బడికి రావడం నా సర్వీసులో అదే మొదలు. అంతకుముందు టీసీలకే వచ్చేవాళ్లు.

అన్నీ ఇంత ముచ్చటగా జరిగాయని అనుకోకండి. మేకలు బాటిళ్లు పడేశాయి. ఒకచోట ఎవరో తాగి బాటిల్ దొరికిందని తీసుకుపోయారు. ఒక ఊరి బాటిల్ చింతచెట్టు కింద పెట్టారు. వాన ఆగాక కూడా గంటసేపు వాన కురుస్తూనే ఉంది. (నవ్వులు)

ఆగస్టులో ఒకరోజు నోటుబుక్కులు చూస్తున్నాను. ఒక పిల్లవాడి పుస్తకంలో తొమ్మిది రోజుల అంకెలు ఒకే ఇంకుతో, ఒకే వాలుతో, ఒకే కూర్చోవడంలో రాసినట్టున్నాయి. 5, 0, 10, 0, 5. అన్నీ గుండ్రటి అంకెలు. వాన ఎప్పుడూ అంత మర్యాదగా పడదు. పిలిచి అడిగితే ఏడ్చాడు. అక్క పెళ్లికి వేరే ఊరు పోయారట. కొలవలేదంటే నేను తిడతానని రాసేశాడు. తిట్టలేదు గానీ, ఒప్పుకుంటాను, నాకు కోపం వచ్చింది. క్లాసు ముందు పేరు చెప్పకుండా అడిగాను, ‘కొలవని రోజు ఏం రాయాలి?’ చాలామంది ‘సున్నా’ అన్నారు. ఆ పిల్లవాడే చెయ్యెత్తి, ‘సున్నా అని రాస్తే వాన పడలేదని అర్థం సార్. చూడలేదు అని రాయాల’ అన్నాడు. అప్పటి నుంచి మా రిజిస్టర్‌లో 0 వేరు, ‘చూ.లే.’ వేరు. నేను డిగ్రీలో సాంఖ్యక శాస్త్రం చదివాను, ఈ తేడా అక్కడ నాకెవరూ ఇంత గట్టిగా చెప్పలేదు. మనం నింపే రకరకాల ఫార్మాట్లలో కూడా ఒక ‘చూ.లే.’ కాలమ్ ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది. (నవ్వులు, చప్పట్లు)

ఒక సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించాను, చెబుతాను. మొదటి నెలలో బాటిళ్లు ఎక్కడెక్కడ పెట్టారో ఊరి పటంలో గుర్తు పెట్టమన్నాను. అయిదు ఊళ్లలోనూ బాటిల్ ఉన్నది పెద్ద వీధిలోనే. ఎస్సీ కాలనీలో ఒక్కటీ లేదు. నేను గమనించలేదు. కాలనీ నుంచి వచ్చే అమ్మాయి పటం చూసి, ‘మా తట్టు వాన పడదా సార్?’ అంది, నవ్వుతూనే. దానికి జవాబుగా నేను ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఆ సాయంత్రమే ఇంకో రెండు బాటిళ్లు కోశాం. మీరు ఏ ప్రాజెక్టు చేయించినా ఆ పటం ఒకసారి గీయించండి. పిల్లలు ఎవరి ఇంటికి పోయారు, ఎవరి గడప తొక్కలేదు అన్నది దాంట్లో తెలిసిపోతుంది.

మరుసటేడు సెప్టెంబరు చివర్లో ఆ సీజను లెక్కలన్నీ కలిపి చార్టు గీశారు. జూన్, జూలై, ఆగస్టు, సెప్టెంబరు, నెలకొక బార్. అయిదు ఊళ్లకు అయిదు రంగులు. చూడముచ్చటగా ఉంది. నేనైతే అక్కడే ఆపి మార్కులు వేసి ఫొటో తీసి గ్రూపులో పెట్టేసేవాడిని. కానీ ఈసారి చదివే మనుషులు వేరే ఉన్నారు కదా. ఒక ఆదివారం పొద్దున ఒక ఊరి రచ్చకట్ట మీద ఆ చార్టు పెట్టాం. పిల్లలు గడగడా చెప్పారు. పెద్దలు ఓపిగ్గా విన్నారు. చివర్లో ఒక ముసలాయన, వేలిముద్ర మనిషి, అడిగాడు.

‘బాగుంది నాయనా. ఆరుద్రలో ఎంత పడింది, పునర్వసులో ఎంత పడింది?’

పిల్లలు నా వైపు చూశారు. నేను హెడ్మాస్టరు గారి వైపు చూశాను. ఆయన చెట్టు వైపు చూశారు. (నవ్వులు)

మనం జూన్, జూలై అని నెలల్లో కట్టాం. రైతు లెక్క కార్తెల్లో ఉంది. మృగశిర జూన్ ఎనిమిది చుట్టూ వస్తుంది, ఆరుద్ర ఇరవై రెండు చుట్టూ, పునర్వసు జూలై మొదటి వారంలో. ఒక్కో కార్తె పదమూడు పద్నాలుగు రోజులు. ఏ కార్తెలో విత్తాలి, ఏ కార్తెలో శెనక్కాయ ఊడ మట్టిలోకి దిగుతుంది, ఎప్పుడు వాన పడితే కాయ ఊరుతుంది, అంతా ఆ లెక్కే. నెల బార్ చూపిస్తే ఆ ముసలాయనకు ఏమీ చెప్పినట్టు కాదు. జూన్‌లో 60 మిల్లీమీటర్లు అంటే మృగశిరలో పడిందా, ఆరుద్రలో పడిందా? ఆయన అడిగింది సరైన ప్రశ్న. మా చార్టే తప్పు.

తిరిగొచ్చి పంచాంగం తెచ్చుకున్నాం. రోజువారీ అంకెలన్నీ ఉన్నాయి కాబట్టి కార్తెల వారీగా మళ్లీ కూడారు. ఇక్కడ పిల్లలకు ఇంకోటి అర్థమైంది. రోజువారీ లెక్క పారేసి నెల మొత్తం మాత్రమే దాచుకుని ఉంటే ఇప్పుడు ఏమీ చేయలేకపోయేవాళ్లం. ఒకమ్మాయి ఇంకో మెట్టు ఎక్కింది. పెద్దవాళ్లు ‘పదునైంది’ అన్న రోజుల్ని ఇంటింటికీ తిరిగి అడిగి రాసుకుని, ఆ రోజుల్లో బాటిల్‌లో ఎంత ఉందో చూసింది. మా అయిదు ఊళ్లలో, ఆ ఒక్క ఏడాది, సుమారు 20 మిల్లీమీటర్లు దాటిన రోజులే పెద్దల నోట పదును అయ్యాయి. ఒక్క ఏడాదితో తేల్చేయకూడదని వాళ్ల చేతే చార్టు కింద రాయించాను. ఒక అవ్వ మాత్రం ఆ అమ్మాయితో, ‘నేను మట్టి పిడికిట్లో పట్టుకుంటే తెలుస్తాది, నీ సీసా ఎందుకే’ అందట. నిజమే, ఎందుకు?

అసలు ప్రశ్నకు జవాబు ఏమైందని అడగరేం? మండలంలో చెప్పిన వాన, మా ఊళ్ల వాన ఒకటి కాదు. ఆగస్టులో ఒకరోజు మా బడి ఉన్న ఊళ్లో 31 పడితే నాలుగు కిలోమీటర్ల అవతల 6 పడింది. అయితే నాలుగు నెలలు మొత్తం కలిపి చూస్తే తేడా అంత ఘోరంగా లేదు. ఒక రోజు ఒక ఊరికి, ఇంకో రోజు ఇంకో ఊరికి. టీ అంగడి దగ్గరి రైతు మాటా నిజమే, పేపరూ అబద్ధం చెప్పలేదు. రోజు చూస్తే ఒకటి, సీజన్ చూస్తే ఒకటి. కానీ విత్తనానికి సీజన్ సగటు పనికిరాదు, ఆ రోజు తడే కావాలి. సగటు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది అన్నది పిల్లలకు అక్కడ తెలిసింది.

ఇద్దరు ముగ్గురు రైతులు ఆ చార్టు జిరాక్స్ అడిగారు, బీమా వాళ్లకు చూపిస్తామని. ఇక్కడ జాగ్రత్తగా ఉండాల్సి వచ్చింది. ‘ఇది పిల్లల సీసా లెక్క, ఆఫీసుల్లో చెల్లదు’ అని ముఖం మీదే చెప్పాను. కొందరు నొచ్చుకున్నారు. మురిక్కాలువ పాప నాకు గుర్తుంది మరి. ఆశ పెట్టి తరవాత చేతులెత్తేయడం ఇంకోసారి చేయలేను.

ఇక మీరు అడగబోయేది నాకు తెలుసు. సిలబస్ ఎప్పుడు? టైమ్ ఎక్కడ? రోజూ నాకు పట్టింది ప్రార్థన అయ్యాక అయిదు నిమిషాలు. పొద్దున ఎనిమిదిన్నరకు ఇంటి దగ్గరే చూసి రాసుకుంటారు, వాతావరణ శాఖ లెక్క తీసేదీ ఆ టైమ్‌కే. బడికి రాగానే బోర్డు మీద వేస్తారు. వారానికి ఒక పీరియడ్ దీనికి. ఆ పీరియడ్‌లో నేను చెప్పింది కూడా సగటు, గ్రాఫులు, ఘనపరిమాణం, యూనిట్లే కదా. పాఠం ముందుగా చెప్పి తరవాత ప్రాజెక్టు ఇవ్వలేదు, అవసరం పడినప్పుడు పాఠం తీశాను. దాంతో పాఠాల వరుస మారింది. తనిఖీకి వచ్చినాయన లెసన్ ప్లాన్ అడిగారు. చూపించలేకపోయాను, నాలుగు మాటలు పడ్డాను. అవి కూడా ఖర్చులో రాసుకోండి.

(సభలో ఒక ఉపాధ్యాయురాలు: ‘మార్కులు ఎట్లా వేశారు సార్? గ్రూపులో ఒకరు చేసి నలుగురు కూర్చుంటారు కదా.’)

మంచి ప్రశ్న మేడమ్. కూర్చునేవాళ్లు మా దగ్గరా ఉన్నారు, దాయను. నేను చార్టుకు మార్కులు వేయలేదు. చార్టు అందంగా రాసేవాళ్లు ప్రతి క్లాసులో ఇద్దరుంటారు, మార్కులన్నీ వాళ్ల చేతిరాతకే పోతాయి. ఎవరి నోటుబుక్ వాళ్లది. అందులో ఏదో ఒక రోజు తీసి, ‘ఈ అంకె ఎట్ల వచ్చింది, దీన్ని నమ్మొచ్చా?’ అని అడిగేవాడిని. రెండు నిమిషాలు. కూర్చున్నవాడు ఆ రెండు నిమిషాల్లో దొరికిపోతాడు. తొమ్మిది రోజులు దొంగ లెక్క రాసిన పిల్లవాడికి మంచి మార్కులే వచ్చాయి, ఎందుకంటే తరవాత వాడి ‘చూ.లే.’లు అందరికంటే నిజాయితీగా ఉన్నాయి. అయితే ఒక లోపముంది. ఫార్మేటివ్ తేదీకి నా ప్రాజెక్టు పూర్తి కాదు. వాన ఫార్మేటివ్ ప్రకారం పడదు. మొదటిసారి సగం పనికే మార్కులు ఎక్కించాను. దానికి నా దగ్గర ఉపాయం లేదు, మీకేదైనా తోస్తే చెప్పండి.

(ఇంకొక ఉపాధ్యాయుడు: ‘మాది టౌన్ స్కూలు సార్, మాకు చేలు లేవు.’)

మీకు వాన వద్దు సార్. మీ బడి ముందు ఆటోవాళ్లు ఉంటారు, మధ్యాహ్న భోజనం వండే అమ్మలు ఉంటారు. ఏ రోజు ఎంత అన్నం మిగులుతోందో వాళ్లకు కావాలి, రేపు ఎంత బియ్యం పోయాలో తెలుస్తుంది. మీరు బండి దిగి నేరుగా స్టాఫ్ రూముకు పోకుండా ఒక పదిహేను నిమిషాలు వాళ్ల దగ్గర నిలబడండి. ‘ఏం లెక్క తెలియక ఇబ్బంది పడుతున్నారు’ అని అడగండి. పిల్లల్ని కూడా తోడు తీసుకుపోండి. టాపిక్ మీరు ఎంచుకుని తరవాత దానికి మనిషిని వెతకొద్దు. మనిషి దొరికాక పాఠం ఎక్కడ అతుకుతుందో చూడండి, అది మన పనే, మనకు వచ్చిన పని.

టైమ్ అయిపోయిందని మేడమ్ గారు చీటీ పంపారు. ఒక్క మాట చెప్పి దిగిపోతాను. ఇంకో పన్నెండు రోజుల్లో మృగశిర. బడి తెరిచేది 12వ తేదీ, కార్తె వచ్చేది 8న. పోయినేడు ఆ నాలుగు రోజుల్లోనే ఒక మంచి వాన పడింది, మా పుస్తకంలో ‘చూ.లే.’ అని ఉంది. ఈసారి పిల్లలు సెలవుల్లోనే ఫోన్ చేసి, బాటిళ్లు ఎప్పుడు కోద్దాం అంటున్నారు. నా దగ్గర ఇప్పటికి ఆరున్నాయి, ఇంకా నాలుగు కావాలి. రెండు లీటర్లది, గోడ నిటారుగా ఉండాలి, నడుము దగ్గర సన్నబడేది పనికిరాదు. సాయంత్రం టీ దగ్గర మీకెవరికైనా కనిపిస్తే పారేయకుండా నాకివ్వండి. మూత అక్కర్లేదు.